పరుపు మీద తెల్ల చాళ్ళు

గాలి కారు, ఇరవయ్యో రోజు

గాలుల కాలమైనా నీళ్ళ తొట్టి నిండుగా ఉంది. మంచులోంచి నీళ్ళు పట్టే వలల్లో రెండు చిరిగితే కుట్టాను. సంఘానికి ఈ చిట్టాలో కావలసింది ఇంతే. మిగతాదంతా నాకు కావలసింది. నీళ్ళ కాపరిని నేను, రాసేదీ నేనే, పైగా ఈ వకుళ నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు.

పువ్వు పూసింది! ఎవరూ విత్తని పువ్వు! జొన్న మడి గట్టు మీద మోకాలెత్తు మొక్క, చీలికలు చీలికలుగా ఆకులు, తల నిండా చిట్టి చిట్టి తెల్లపూలు. చూసి అక్కడే గట్టు మీద కూలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నవ్వక ఏం చేయను? మబ్బులపాడులో ఏది మొలవాలన్నా ముందు సంఘం తీర్మానం కావాలి. తర్వాత విత్తనాల గది తాళం తీయాలి, ఆ తర్వాత మడిలో వేయాలి. మా తాతలు భూమి వదిలి ఓడలో ఇంత దూరం వచ్చిననాటి నుంచీ అదే పద్ధతి. జొన్న, కంది, గోంగూర, బంతి, అన్నీ పిలిస్తేనే వచ్చే మర్యాదస్తులు. ఈ లోకానికి తనదంటూ ఉన్నది నాచులాంటి పరుపొక్కటే. ఊరి పైన కొండ వాలంతా మందంగా, మెత్తగా, బూడిద రంగులో పరుచుకుని ఉంటుంది కాబట్టి దానికి పెద్దవాళ్ళు ఆ పేరు పెట్టారు. అది రాత్రంతా మంచు తాగి, పొద్దున్నే చుక్క చుక్కగా కాలవలోకి వదులుతుంది. మా వలలు పట్టే నీళ్ళు కొసరు, పరుపు ఇచ్చేవే అసలు. పాపం, అది పూయదు, కాయదు. మరి ఈ తెల్లపూల పిల్ల ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

సాయంత్రానికి ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. మా ఆయన కోటిలింగం పొలం దున్నే బండి తోలే మనిషి, పూల జోలికి పోయే రకం కాదు. ఆయన కూడా ఒక రెమ్మ తుంచి, ఎవరూ చూడకుండా నా జడలో దోపాడు.

"ఏందండీ ఈ సరసం?"

"ఊరికే దొరికింది గదా" అన్నాడు.

గాలి కారు, ఇరవై ఆరో రోజు

మెడంతా దద్దుర్లు. నాకే కాదు, జడలో పెట్టుకున్న ప్రతి ఆడదానికీ. మగవాళ్ళు తుమ్ముతున్నారు. సంఘం పెద్ద పైడితల్లి పెద్దమ్మ పాత భూమి మొక్కల బొమ్మలు తెర మీద వేయించి చూపించింది. దొరికింది దొంగ! దాని పేరు వయ్యారిభామ. నిరుడు ఏరువాకకి ముందు దిగిన ఓడలో, జొన్న గింజల్లో కలిసి వచ్చి ఉంటుందట.

"పేరు సూస్తే వయ్యారం, పని సూస్తే గజ్జి" అంది పెద్దమ్మ, మెడ గోక్కుంటూ. "పీకించీండి దీన్ని. ఒక్కటి మిగలకూడదు."

అందరూ తిడుతున్నారు. నాకు మాత్రం లోపల్లోపల గమ్మత్తుగానే ఉంది. సంఘాన్ని అడక్కుండా ఈ ఊళ్ళో ఒక ప్రాణి పుట్టింది! దురద మాత్రం దురదే, చెప్పొద్దూ.

గాలి కారు, నలభై ఒకటో రోజు

తొట్టి కొంచెం తగ్గింది. గాలి కారులో మామూలే అనుకున్నాను.

కలుపు దళం పెద్ద యేసుపాదం పారలతో, తొలికలతో గట్లన్నీ తవ్వించాడు. చెమటోడ్చే మనిషి, పేరు పెట్టడానికి లేదు. కానీ ఎక్కడ తవ్వాడో అక్కడే వారం తిరక్కుండా రెండింతలు లేచింది. ఇప్పుడు వాలు మీద పరుపులోనూ అక్కడక్కడా మొలిచిందట. దళం అక్కడికీ పారలు మోసుకుపోయింది.

గాలి కారు, నలభై ఆరో రోజు

ఈ రోజు తొట్టి సంగతి తర్వాత. మా ఆయనకి తొలిచాలు వచ్చింది!

ఎలా చెప్పాలి? మంచు కారు మొదటి రోజు మాకు ఏరువాక. బండిని కడిగి, పసుపు రాసి, కర్రుకి బంతిపూలు కట్టి, మళ్ళ చుట్టూ ప్రదక్షిణ చేయిస్తారు. జనం జొన్నలు చల్లుతారు. తర్వాత బండి వాలు ఎక్కుతుంది. పాత చాళ్ళలో ఒక్కొక్కదాంట్లో చక్రం నడిపి, ఆ చాలు వేసినవాళ్ళ పేరు గట్టిగా పిలుస్తారు. ఆఖర్న పరుపు మీద పైనుంచి కిందికి ఒక కొత్త చాలు. అందులో ఏదీ విత్తరు. ఈ నేల మమ్మల్ని ఒప్పుకుందని గుర్తు, అంతే. ఆ చాలు వేసినవాడి పేరు ఏటేటా పిలుస్తూనే ఉంటారు.

మా మావగారి చాలు ఉంది, మా బావగారి చాలు ఉంది. బండి బాగు చేసేదీ, నూనె పోసేదీ మా ఆయన, తొలిచాలుకి మాత్రం ఎప్పుడూ ఇంకొకరి పేరు వచ్చేది. ఈసారి సంఘం ఆయన పేరు చదివితే, తన పేరే కాదన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. ఇంటికొచ్చి బండి చక్రాలు రెండుసార్లు కడిగాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, రాస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

గాలి కారు, యాభై రెండో రోజు

స్తంభం దిగీ దిగగానే రాస్తున్నాను, అక్షరాలు ఎలా వస్తే అలా!

తొట్టి సగానికి దగ్గర పడింది. గాలి కారు వల్ల కాదు, వలలు నీళ్ళు సరిగ్గానే పట్టి ఇస్తున్నాయి. తగ్గింది కాలవ. ఎందుకా అని పొద్దున్నే వలల స్తంభం చివరిదాకా ఎక్కాను. మామూలుగా సగం దాకానే ఎక్కుతాను, మోకాళ్ళు ఒప్పుకోవు. పైనుంచి వాలు మొత్తం కనిపించింది.

తెల్లగా గీతలు! బూడిద పరుపు మీద ఎవరో ముగ్గు పిండితో గీసినట్టు, పైనుంచి కిందికి, వరసగా. అటు చూసి ఇటు చూసి, అప్పుడు తెలిసింది నాకు. అవి చాళ్ళు. మావగారి చాలు, బావగారి చాలు, పిలిచే ప్రతి పేరూ పూసింది! చాళ్ళు దాటి యేసుపాదం దళం తవ్విన చోట్ల గుండ్రంగా తెల్ల మచ్చలు. వాటి మధ్య, గీత పడని చోట, పరుపు పరుపులాగే ఉంది. ఒక్క పువ్వు లేదు.

అంతకన్నా వింత ఇంకోటి ఉంది. ఊరు పుట్టిన కొత్తలో వేసిన చాళ్ళు కొన్ని ఉన్నాయి. వాటిని వేసినవాళ్ళ వంశాలు ఆగిపోయి, పేర్లు ఎవరికీ గుర్తులేక, బండి వాటిలో తిరగడం మానేసింది. అవి ఏవని వెతికాను. దొరకలేదు. పరుపు వాటిని కప్పేసుకుంది! దాన్ని వదిలేస్తే చాలు, తన చిరుగు తనే కుట్టుకుంటుంది. నేనేమో ఇన్నాళ్ళూ వలలు కుట్టుకుంటూ దాని పక్కనే కూర్చున్నాను.

దిగేటప్పుడు రెండు మెట్లు తప్పాను. తగిలిన దెబ్బ కూడా తెలియలేదు.

గాలి కారు, అరవై ఒకటో రోజు

నా పరీక్ష తేలింది. స్తంభం వెనక పరుపు మీద వయ్యారిభామ గింజలు గుప్పెడు చల్లాను. పక్కనే పారతో గీరిన చోట ఇంకో గుప్పెడు. రెంటికీ ఒకే చెంబు నీళ్ళు. గీరిన చోట పచ్చగా లేచాయి. పరుపు మీద చల్లినవి మాత్రం మట్టిని తాకనేలేదు. రాత్రి మంచుకి పరుపు ఉబ్బి గింజల్ని పైకెత్తింది, పగలు ముడుచుకుని పక్కకి దొర్లించింది. అలా ఎండి పొట్టు అయ్యాయి. చప్పట్లు కొట్టాను, వినేవాళ్ళు లేకపోయినా.

వయ్యారిభామ బలం వయ్యారిభామది కాదు. మనం చింపి ఇచ్చిన సందుది. మనం పారతో పీకడమంటే కొరివితో తల గోక్కోవడమే.

ఇదంతా పరుగున వచ్చి మా ఆయనకి చెప్పాను. కర్రుకి పదును పెడుతున్నాడు. అంతా విని, ఆకురాయి కింద పెట్టాడు.

"అయితే చాలు వెయ్యగూడదంటావ్."

"ఈ ఒక్క ఏడూ ఆగండి. పరుపు కోలుకోనీండి."

"మా నాయన వేసినప్పుడు మంచిదే. మా అన్న వేసినప్పుడు మంచిదే. నా వంతు వచ్చేతలికి చెడ్డదైందా?"

"నేనట్టా అన్నానా?"

"ఇంకెట్టా అంటావే?" అని మళ్ళీ ఆకురాయి తీసుకున్నాడు. నా ఉత్సాహం చూసి నాకే సిగ్గేసింది. నేను గంతులేసుకుంటూ తెచ్చిన కబురు ఆయన చేతిలోంచి లాక్కునే కబురని అప్పటిదాకా తట్టనే లేదు.

గాలి కారు, డెబ్భై మూడో రోజు

సంఘం కూర్చుంది. తొట్టి సగం కన్నా కిందికి దిగింది. ఇలాగే పోతే మంచు కారు మధ్యలోనే ఊరు ఖాళీ చేసి, కింద ఓడ రేవులో ఇనప గదుల్లో తలదాచుకోవాలి. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ నవ్వడం లేదు.

యేసుపాదం లేచి, ఏరువాక నాడు తొలిచాలుతో మొదలుపెట్టి వాలంతా బండితో తిరగేద్దాం అన్నాడు. మొక్క మళ్ళీ గింజ కట్టకముందే అడుగున పడుతుందట.

నేను లేచాను. తెల్ల గీతల సంగతి చెప్పాను, పరీక్ష సంగతి చెప్పాను, మూసుకుపోయిన పాత చాళ్ళ సంగతి చెప్పాను. చేతులు ఊపుతూ చెప్పాను, కొంచెం అరిచాను కూడా.

"వకుళక్కా, వేరు తియ్యకుండా కలుపు పోయిన ఊరు ఎక్కడన్నా ఉందా?" అన్నాడు యేసుపాదం, మర్యాదగానే. "చాళ్ళలో మొలిచిందంటున్నావు. చాళ్ళలోకి గింజ ఎట్టా ఎక్కింది? గాలికేగా? గాలి ఆగుద్దా? ఇయ్యాల చాళ్ళలో, రేపు పరుపులో."

గాలికే వస్తుందని నేనూ అనుకున్నాను.

పైడితల్లి పెద్దమ్మ నా వైపు తిరిగింది. "నీ పరీచ్చ బాగుందమ్మా. కానీ జానెడు జాగాలో సేసినావు. జానెడు జాగాని నమ్ముకోని ఊరిని ఎండగట్టీమంటావేటి?"

చేతులెత్తమన్నారు. దున్నడం వైపే ఎక్కువ లేచాయి. మా ఆయన రెండు చేతులూ ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాడు. ఇటూ ఎత్తలేదు, అటూ ఎత్తలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రెండు చోట్లా ఓడాను.

మంచు కారు, మొదటి రోజు. ఏరువాక

నెమ్మదిగా రాయాలి, లేకపోతే ఏదో ఒకటి వదిలేస్తాను.

పొద్దున్నే బండి మెరిసిపోయింది. మా ఆయన కొత్త పంచె, తలకి ఎర్ర తుండుగుడ్డ. పసుపు నేనే రాశాను. కోపం ఉన్నా రాశాను, ఆయన రోజు కదా. డప్పులు మొదలయ్యాయి. బండి మళ్ళ చుట్టూ తిరిగింది, జనం జొన్నలు చల్లారు, "కోటిలింగం తొలిచాలో!" అని కేకలు. నిజం చెప్పనా, నాకూ ఒళ్ళు పులకరించింది. దున్నొద్దని అరవాలనీ ఉంది, మా ఆయన్ని చూసి కేక వేయాలనీ ఉంది, రెండూ ఒక్కసారే.

బండి వాలు ఎక్కింది. పాత చాళ్ళలో నడిచింది, పేర్లు పిలిచారు. తర్వాత పరుపు అంచున ఆగింది. ఆయన కర్రు దించాడు.

పరుపు చిరిగే చప్పుడు ఏటా విన్నాను. ఈసారి పళ్ళు బిగబట్టుకుని విన్నాను. చిరిగిన అంచుల్లోంచి నీళ్ళు ఊరి, ఎర్రమట్టిలోకి ఇంకిపోయాయి. నాలుగు బారలు సాగింది చాలు. దున్నేవాడు చాలు తిన్నగా వచ్చిందా అని వెనక్కి చూసుకోవడం అలవాటు. ఆయన చూసుకున్నాడు. చూసి, బండి ఆపేశాడు.

డప్పులు ఇంకా మోగుతున్నాయి. ఆయన దిగి, చాలులో మోకాళ్ళ మీద కూర్చుని, చక్రం అచ్చు పడిన మట్టిని గోటితో గిల్లాడు. తర్వాత చక్రం దగ్గరికి వెళ్ళి, దాని గాడుల్లోంచి బురద ముద్ద పీకి అరచేతిలో పరిచాడు. కింది నుంచి "ఏందయ్యా ఆగావ్?" అని అరుపులు.

"వకుళా! ఇట్రా!"

పరుగెత్తాను. ఆయన అరచేతిలో బురద, బురద నిండా సన్నని నల్ల గింజలు. నా పరీక్షకి ఏరుకున్న గింజలే. చాలులో చూపించాడు. చక్రం పడిన ప్రతి అచ్చులోనూ అవే, తడి మట్టిలో నొక్కి, చక్కగా, వరసగా.

"రెండుసార్లు కడిగానే చక్రాలు" అన్నాడు. "కడిగి, తర్వాత మళ్ళ చుట్టూ తిప్పాను. ఆ బురదంతా పైకి మోసుకొచ్చాను. నేను దున్నట్లేదే. విత్తుతున్నా."

గాలి కాదు! ఒక్క క్షణం ఎగిరి గంతేయాలనిపించింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. నాకు దొరకని సగం మా ఆయనకి దొరికింది. కానీ ఆయన ముఖం చూసి ఆగాను.

యేసుపాదం ఎక్కి వచ్చాడు. బురద చేతిలోకి తీసుకున్నాడు, గింజలు ఏరాడు, పాత చాళ్ళ వైపు చూశాడు. బండి నడిచిన చాళ్ళు తెల్లగా, నడవని చోటు బూడిదగా. "నిరుడు ఏరువాకకీ మనమే ఎక్కించాం" అన్నాడు. పైడితల్లి పెద్దమ్మని ఇద్దరు చేతులు పట్టుకుని ఎక్కించారు. ఆవిడ గింజని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి తుమ్మింది.

"డప్పులు ఆపించీండి" అంది. "కోటిలింగం, ఏటి సేద్దామంటావురా?"

అందరూ ఆయన్నే చూస్తున్నారు. తొలిచాలు ఆయనది కాబట్టి మాట ఆయనదే. నాలుగు బారల చాలు. ఇక్కడ ఆపేసినా అది తొలిచాలే, ఏటేటా ఆయన పేరు పిలుస్తారు. నాకు మాట చెప్పే హక్కు లేదనిపించింది.

ఆయన తలగుడ్డ తీసి కింద పరిచి, గింజలున్న మట్టి గుప్పిళ్ళతో తీసి అందులో పోశాడు. చాలు శుభ్రం అయ్యాక, కర్రు తిరగేసిన పరుపు పెళ్ళని రెండు చేతులా లేపి, దాని పాత పక్కకే తిప్పి, ఉన్న చోటే పెట్టి, అరచేతులతో అద్దాడు. తర్వాత ఇంకో పెళ్ళ. పక్కనే యేసుపాదం కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. ఎవరూ చెప్పకుండానే జనం కింది నుంచి చెక్కలు మోసుకొచ్చి, పరుపు మీద కాలు పడకుండా పరిచారు.

అద్దుతూ ఏడ్చాను. ఆయన ఏడవలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "అందరి చాళ్ళూ పొడుగు. నాది అసలు లేనే లేదు" అని గోడకేసి తిరిగి పడుకున్నాడు.

మంచు కారు, ముప్ఫయ్యో రోజు

తొట్టి సగానికి కిందే, కానీ దిగడం ఆగింది. స్నానాలు రోజు మార్చి రోజు. నా దగ్గర కూడా వాసన వస్తోంది, దాపరికం దేనికి.

కొత్త పద్ధతి ఇదీ. బండి మళ్ళు దాటి అడుగు పెట్టకూడదు. పరుపు మీద పార పెట్టకూడదు. చెక్కల మీద బోర్లా పడుకుని, వయ్యారిభామ మొగ్గ తొడగ్గానే కొడవలితో కోయడమే. కోస్తే మళ్ళీ చిగురేస్తుంది, మళ్ళీ కోస్తాం. ఈలోపు పక్కనుంచి పరుపు జరుగుతుంది. అన్నిటికన్నా కష్టం ఏమిటంటే ఊరికే ఉండటం. వేరు కనబడితే చేతులు దురదపెడతాయి జనానికి. యేసుపాదం పారలన్నీ తీసుకెళ్ళి తన మంచం కింద దాచాడు. వాళ్ళావిడ ఊరంతా చెప్పుకుని నవ్వుతోంది.

మంచు కారు, యాభయ్యో రోజు

తొట్టి ఒక వేలు పెరిగింది. ఒక్క వేలు! వంట మానేసి వెళ్ళి అందరికీ చెప్పొచ్చాను. పప్పు మాడింది.

మరుసటి ఏటి మంచు కారు, మొదటి రోజు

తొట్టి మూడొంతులు. ఊరు ఊళ్ళోనే ఉంది, ఇనప గదులకి పోలేదు.

బండి లేని ఏరువాక ఎలా ఉంటుందో అనుకున్నాను. పెద్దమ్మ బండిని మళ్ళ దగ్గరే కట్టించి పూజ చేయించింది. జనం వాలు కింద నిలబడే పేర్లు పిలిచారు. ఒక్కో ఇంటివాళ్ళూ తమ చాలు వైపు వేలు చూపించారు. చాళ్ళు ఇంకా కనిపిస్తున్నాయి, అంచులు దగ్గరపడుతున్నాయి, తెల్లపూలు మాత్రం అక్కడక్కడే.

ఆఖర్న పెద్దమ్మ "కోటిలింగం!" అని పిలిచింది. జనం వాలు మీదికి చూశారు. "ఎక్కడ, ఎక్కడ?" అన్నారు. మా ఆయన చెయ్యి లేపబోయి, ఎటు చూపించాలో తెలియక దించేశాడు. నిరుడు ఇదే మనిషి నాలుగు రోజులు గోడకేసి తిరిగి పడుకున్నాడు.

అక్కడ నిలబడలేక వెళ్ళి స్తంభం ఎక్కాను, చివరిదాకా. మోకాళ్ళని తిట్టుకుంటూ ఎక్కాను. పైనుంచి మావగారి చాలు చూశాను, బావగారి చాలు చూశాను. వాటి పక్కన మా ఆయనది ఎక్కడుండాలో అక్కడ వెతికాను. నేను నా చేతులతో అద్దిన చోటు, నాకు తెలియకపోవడమేమిటి? కళ్ళు నులుముకుని మళ్ళీ మళ్ళీ వెతికాను. అంతా ఒకటే పరుపు. మంచు దాని మీద సమానంగా మెరుస్తోంది.

దిగి వచ్చేసరికి ఆయన స్తంభం కిందే నిలబడి ఉన్నాడు, తల పైకెత్తి.

"కనపడలేదండీ" అన్నాను. "ఎంత వెతికినా కనపడలేదు. ఎక్కడ చింపారో నాకే తెలియట్లేదు."

ఆయన ముఖం వెలిగిపోయింది. జనం వైపు తిరిగాడు, నా చెయ్యి పట్టుకుని వాళ్ళ దగ్గరికి లాక్కెళ్ళాడు.

"మళ్ళీ చెప్పవే" అన్నాడు. "అందరికీ వినపడేట్టు చెప్పు."